పాత పతకాలు – మీ ప్రశ్నలు: అంచు చదవకుండా మూసలో వేయకండి

చిత్తూరు బజారు వీధిలోని మా వెండి కొట్టుకు పాత పతకాలు అమ్మకానికే వచ్చేవి. విరిగిన కాలి పట్టీలు, నొక్కుకుపోయిన కుంకుమ భరిణెలు, అరిగిన రూపాయలు కట్టిన మూటలోనే అవీ ఉండేవి. తూకం వేయడం, గీటురాయి మీద గీసి చూడడం, మూసలో పడేయడం. ఊళ్లో ఏ కొట్టులోనైనా ఇదే పద్ధతి. మా నాన్నగారు మాత్రం మనిషి పేరు చెక్కిన వస్తువును నిప్పులో వేసేవారు కాదు. వెండి ధర ఇచ్చి కొని పక్కన పెట్టేవారు. నా దగ్గరున్న పతకాలకు మొదలు అదే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బ్రిటిష్ కాలపు సైనిక, నౌకాదళ పతకాల గురించే ఉన్నాయి కాబట్టి శీర్షిక అంతా వాటికే ఇస్తున్నాను.

మా మామగారి తండ్రిగారు మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి వచ్చారట. ఆయనది ఒక వెండి బిళ్ల బీరువాలో ఉంది. ఒకవైపు రాజు తల, రెండోవైపు గుర్రం మీద బట్టలు లేని మనిషి. గుర్రం కాళ్ల దగ్గర పుర్రె బొమ్మ ఉంది. ఇంట్లో ఉంచితే అరిష్టమని మా ఆడపడుచు అంటోంది. కరిగించి దీపపు కుందులు చేయిద్దామనుకుంటున్నాను. వెండి ఎంత ఉంటుంది? – ఒక గృహిణి, పలమనేరు

అమ్మా, ముందు మీ ఆడపడుచు గారి భయం తీరుస్తాను. ఆ గుర్రం మీద ఉన్నది ఇంగ్లండు వారు తమ రక్షకుడిగా కొలిచే సెయింట్ జార్జ్. గుర్రం తొక్కుతున్న డాలు మీద ఉన్నది ప్రష్యా గద్ద, అంటే ఆనాటి జర్మనీ గుర్తు. పుర్రె, ఎముకలు యుద్ధంలోని చావుకు గుర్తు, పైన ఉన్న సూర్యుడు విజయానికి గుర్తు. ఆ బొమ్మ గీసింది విలియం మెక్‌మిలన్ అనే శిల్పి. మృత్యువును దాటి బతికి వచ్చిన మనిషికి ఇచ్చిన వస్తువు ఇంటికి అరిష్టం ఎలా అవుతుంది?

దీని పేరు బ్రిటిష్ వార్ మెడల్. రాజు అయిదో జార్జి. వ్యాసం 36 మిల్లీమీటర్లు. వెండి నూటికి 92.5 పాళ్లు, బరువు ముప్పై గ్రాములకు కాస్త పైన. తరుగు, మజూరీ పోగా దానితో ఒక జత కుందులు కూడా రావు. మీకు వచ్చే లాభం అంతే. పోయేదేమిటో ఇప్పుడు చెబుతాను.

పతకాన్ని బొమ్మ కేసి కాదు, నిలబెట్టి అంచు కేసి చూడండి. రాత్రిపూట గదిలో దీపం ఆర్పి, బ్యాటరీ లైటు పక్క నుంచి వేసి, భూతద్దం పెట్టి మెల్లగా తిప్పండి. నేరుగా వెలుతురు పడితే అక్షరాలు కనపడవు, ఏటవాలుగా పడితే ఒక్కొక్కటే లేచి వస్తాయి. సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో ముందు ఒక సంఖ్య, తర్వాత హోదా, తర్వాత పేరు, చివర దళం పేరు ఉంటాయి. సిపాయి, నాయక్, హవల్దార్, జమేదార్ వంటివి హోదాలు. పేరు మాత్రం ఆనాటి గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసి ఉంటుంది. మన మునస్వామి అక్కడ మూన్‌సామీ అవుతాడు, చెంగల్రాయుడు ముక్కలై రెండు పేర్లు అవుతాడు. ఇంటిపేరు ఉండదు, ఊరి పేరు ఉండదు. అందుకే ఆ సంఖ్య ముఖ్యం. ఒకే దళంలో అదే పేరుతో నలుగురు ఉన్నా సంఖ్య ఒక్కడిదే.

దళం పేరు దగ్గర కర్నాటిక్ ఇన్‌ఫెంట్రీ అని గానీ, 61, 64, 81 అంకెల్లో ఒకదాని తర్వాత పయనీర్స్ అని గానీ, క్యూ.వి.ఓ. (క్వీన్ విక్టోరియాస్ ఓన్) అన్న అక్షరాల తర్వాత సాపర్స్ అండ్ మైనర్స్ అని గానీ ఉంటే అది మన మద్రాసు వైపు దళం కావడానికి అవకాశం ఎక్కువ. చివర చెప్పింది మద్రాసు సాపర్లు. వంతెనలు కట్టడం, దారులు వేయడం, కందకాలు తవ్వడం వాళ్ల పని. ఇప్పటి ఇరాక్‌లో, అప్పట్లో మెసొపొటేమియా అనేవారు, టైగ్రిస్ నది మీద పని చేసిన వాళ్లలో వీరూ ఉన్నారు. ఆ దళం వారసత్వం నేడు బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూపుది.

ఇలాంటి వెండి పతకాలు దాదాపు 65 లక్షలు ఇచ్చారు. అన్ని ఉన్నప్పుడు ఒకటి కరిగితే ఏమిటని మీకు అనిపించవచ్చు. మీ మామగారి తండ్రిగారి పేరున్నది మాత్రం ఒక్కటే. 1979–80లో వెండి ధర ఆకాశానికి అంటినప్పుడు ప్రపంచమంతటా ఈ పతకాలు కొలిమిలోకి పోయాయి. మన సిపాయిల సర్వీసు కాగితాలు చాలావరకు మిగలలేదు. ఆయన యుద్ధానికి వెళ్లాడని చెప్పే రాత మీ ఇంట్లో ఆ అంచు మీద తప్ప మరెక్కడా లేకపోవచ్చు. కుందులు వేరే వెండితో చేయించుకోండి తల్లీ. అంచును నాలుగు భాగాలుగా ఫొటో తీసి నాకు పంపండి, చదివి పెడతాను.

ఇంకొక్క మాట. ఇదే పతకం కొందరికి కంచులో ఇచ్చారు. కూలి దళాల్లో పనిచేసిన చైనా, మాల్టా, భారత దేశాల మనుషులకు ఇచ్చినవి అవి. మొత్తం లక్షా పదివేల దాకా మాత్రమే. వెండి కాదని పాత సామాన్ల వాడికి వేసేవాళ్లను చూశాను. వెండివాటి కంటే అవే తక్కువగా దొరుకుతాయి.

తాతగారి పతకం నల్లబడిపోయింది. ఆయుధ పూజకు ముందు చింతపండుతో తోమి, విబూది పెట్టి మెరిపించాలని అమ్మ పట్టు. చేయవచ్చా? – ఒక ఉద్యోగి, చంద్రగిరి

చేయకండి. చింతపండులో పులుపు ఉంది, విబూదిలో గరుకు ఉంది. ఇత్తడి చెంబు ఏటా తోమినా నష్టం లేదు, అది మందంగా ఉంటుంది. పతకం మీద రాజు చెవి దగ్గరి వెంట్రుక, గుర్రం జూలు, అంచు మీద అక్షరాలు వెంట్రుకవాసి లోతువి. నాలుగు దసరాలకే నున్నబడతాయి. బజారులో దొరికే వెండి పాలిష్ పొడులు ఇంకా నష్టం. ఆ నలుపు వెండికి పట్టే సహజమైన పొర, లోహాన్ని అది తినేయదు. సేకరించేవాళ్లు ఆ పొర ఉన్నదానికే విలువ ఇస్తారు. దుమ్ము ఉంటే మెత్తని పొడి గుడ్డతో అద్దండి, రుద్దవద్దు.

పూజలో పెట్టడానికి అభ్యంతరం లేదు. పసుపు, కుంకుమ పతకం మీద కాకుండా కింద తమలపాకు మీద పెట్టమని అమ్మగారికి నా మాటగా చెప్పండి. తర్వాత పట్టుకునేటప్పుడు అంచుల దగ్గరే పట్టుకోండి, వేళ్ల చెమట ముద్ర అలాగే దిగిపోతుంది. పచ్చి చెక్క పెట్టెలో, మెత్తని ప్లాస్టిక్ కవర్లలో పెట్టవద్దు. ఆ ప్లాస్టిక్ నుంచి జిగురు ఊరి కంచు మీద ఆకుపచ్చ మరక పడుతుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన వేసి, గాలి చొరని డబ్బాలో ఉంచితే చాలు.

తెల్లవాడు మన చేత మన వాళ్లనే, మనకు ఏ పగా లేని దేశాల వాళ్లను చంపించి ఇచ్చిన బిళ్లలు ఇవి. వీటిని దాచుకోవడం బానిసత్వం కాదా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మదనపల్లె

మాస్టారూ, మీ కోపం న్యాయమైనదే. మీరు అడిగిన దానికి దాటవేత లేకుండా జవాబు చెబుతాను.

పతకానికి రెండు ముఖాలు, ఒక అంచు. ముఖాల మీద ఉన్నది రాజుగారి మాట: ఆయన తల, ఆయన దేవత, ఆయన విజయం. వాటికి నేను నమస్కరించను. అంచు మీద ఉన్నది మన వాడి పేరు. నేను దాచేది దాన్ని.

ఇరాక్‌లోని బస్రా దగ్గర ఒక పెద్ద యుద్ధ స్మారకం ఉంది. మెసొపొటేమియాలో చనిపోయి సమాధి తెలియని నలభై వేల మందికి పైగా అక్కడ గుర్తు చేశారు. బ్రిటిష్ సైనికులకు, మన అధికారులకు పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిలకు మాత్రం దళం పేరు కింద ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. ఇది నా ఆరోపణ కాదు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘమే 2021లో నివేదిక వేసి, ఈ అసమానత నిజమని ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. గోడ మీద పేరు ఇవ్వని ప్రభుత్వమే పతకం అంచు మీద మాత్రం ఆ పేరు కొట్టించింది. గోడ మీద అంకెగా మారినవాడు ఇక్కడ మనిషిగా ఉన్నాడు. బ్రిటిష్ వాడి మీద కోపంతో దాన్ని కరిగిస్తే బ్రిటిష్ వాడికి పోయేదేమీ లేదు, పలమనేరు పక్క పల్లెలోని ఒక పేదవాడి పేరు పోతుంది.

వాళ్లు ఎందుకు వెళ్లారన్నది కూడా ఆలోచించాలి. వానలు లేని ఊరు, నెల జీతం, ఇంటికి మనియార్డరు. తప్పు ఎంచవలసి వస్తే ఆ పేదరికాన్ని ఎంచాలి, వెళ్లిన వాడిని కాదు. మీరు చరిత్ర చెప్పిన వారైతే మీ పాత విద్యార్థులకు ఒక పని అప్పగించండి. తమ ఊళ్లో ఏ ఇంట్లో పతకం ఉన్నా అంచు మీద ఉన్నది అక్షరం పొల్లుపోకుండా నోటు పుస్తకంలో ఎక్కించమనండి. పతకాన్ని మెచ్చుకోనక్కరలేదు, చదివితే చాలు.

ఇంటర్నెట్‌లో తక్కువ ధరకు ట్రఫాల్గర్ పతకం కొన్నాను. విక్టోరియా రాణి తల, వెనక సముద్రపు గుర్రం మీద దేవత, పైన రిబ్బన్ మీద ట్రఫాల్గర్ అన్న లోహపు పట్టీ ఉన్నాయి. అంచు మీద ఒక పేరు, పక్కన విక్టరీ ఓడ పేరు. నెల్సన్ తన నావికులకు 1805లో స్వయంగా ఇచ్చినదని అమ్మినవాడు చెప్పాడు. నిజమేనా? – ఒక పరిశోధక విద్యార్థి, తిరుపతి

అమ్మినవాడు చెప్పినది మాత్రం కాదు. ట్రఫాల్గర్ అంటే ఫ్రాన్స్, స్పెయిన్ ఓడల మీద ఇంగ్లండు గెలిచిన సముద్ర యుద్ధం, ఇంగ్లండు ఓడలకు సేనాపతి నెల్సన్. ఆయన 1805 అక్టోబరు 21న ఆ యుద్ధంలోనే చనిపోయాడు. విక్టోరియా రాణి అయింది 1837లో. ఆమె తల ఉన్న పతకాన్ని నెల్సన్ ఎలా ఇస్తాడు?

అసలు కథ ఇంతకంటే బాగుంటుంది. ట్రఫాల్గర్‌లో పోరాడిన మామూలు నావికులకు ప్రభుత్వం అప్పట్లో ఏ పతకమూ ఇవ్వలేదు. బర్మింగ్‌హామ్‌లో సోహో టంకశాల నడిపిన మాథ్యూ బౌల్టన్ తన సొంత ఖర్చుతో ఒక పతకం వేయించి పంపాడు. మామూలు నావికులకు వచ్చింది తగరం కలిసిన చవక లోహంలో. కొందరు దాన్ని అవమానంగా భావించి సముద్రంలో విసిరేశారని చెప్పుకుంటారు. అంతకు ముందు 1798 నైలు యుద్ధానికి కూడా నెల్సన్ ఏజెంటు అలెగ్జాండర్ డేవిసన్ సొంత డబ్బుతోనే పతకాలు ఇచ్చాడు.

ప్రభుత్వం మేలుకున్నది 1847లో. అప్పుడు పుట్టింది మీరు వర్ణించిన నేవల్ జనరల్ సర్వీస్ మెడల్. 1793 నుంచి 1840 వరకు జరిగిన నౌకా యుద్ధాలన్నిటికీ కలిపి ఒకే పతకం, యుద్ధానికొక పట్టీ. ఆమోదించిన పట్టీలు 231 రకాలు. అయితే అప్పటికి బతికి ఉన్నవాళ్లే, అదీ 1851 లోపు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లే అర్హులు. ట్రఫాల్గర్ జరిగి నలభై ఏళ్లు దాటింది. చదువురాని ముసలి నావికుడికి ఆ కబురు చేరిందో లేదో, చేరినా దరఖాస్తు రాసిపెట్టే వాడు దొరికాడో లేదో. అందుకే ట్రఫాల్గర్ పట్టీకి అంత గిరాకీ, అందుకే అన్ని నకిలీలు.

ఇక మీ దాని సంగతి. ఈ పతకం అంచు మీద మామూలు నావికుడికి పేరు మాత్రమే ఉంటుంది, అధికారికైతే హోదా కూడా. ఓడ పేరు వేయడం ఆనవాయితీ కాదు. విక్టరీ అని కనపడగానే మోసపోవాలని ఎవరో ఆ మాట చేర్చినట్టు నా అనుమానం. దానితోనే ఆగకుండా మరి నాలుగు పరీక్షలు చేయండి. వెర్నియర్ కాలిపర్స్‌తో వ్యాసం కొలవండి, 36 మిల్లీమీటర్లు రావాలి. ఒకచోట కాదు, తిప్పి తిప్పి నాలుగైదు చోట్ల కొలవండి. అసలు పేరును ఆకురాయితో రాసేసి కొత్త పేరు కొట్టిన పతకమైతే ఆ భాగంలో కొలత తగ్గుతుంది, లేదా మొత్తం మీదే వ్యాసం చిన్నదవుతుంది. భూతద్దంలో రాణి జడ పాయలు చూడండి. అచ్చు కొట్టిన పతకంలో పాయ పాయకూ మధ్య గీత పదునుగా ఉంటుంది. పోత పోసినదైతే ఆ గీతలు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటాయి, నున్నగా ఉండవలసిన ఖాళీ జాగాలో సూదిమొన అంత గుంటలు ఉంటాయి. పోత వస్తువుకు అంచు చుట్టూ అతుకు గీత ఉండి, దాన్ని రాసేసిన జాడ కనపడుతుంది. మూడు తరాల కంసాలి పనిలో నాకు పట్టుబడిన గుర్తులు ఇవి, అయినా అచ్చు కొట్టిన నకిలీ వీటిని దాటిపోవచ్చు. చివరిది అంచు మీది పేరు. బ్రిటన్ జాతీయ పత్రాలయం ట్రఫాల్గర్‌లో పాల్గొన్న పద్దెనిమిది వేల మందికి పైగా పేర్లను ఓడల హాజరు పట్టీల నుంచి తీసి అందరికీ అందుబాటులో పెట్టింది. అక్కడ వెతకండి.

సేకరణ మొదలుపెడుతున్నారు కాబట్టి ఒక సలహా. పేరున్న యుద్ధం వెంట, పేరున్న మనిషి వెంట పడవద్దు. నకిలీలు తయారయ్యేది అక్కడే. మద్రాసు దళాలనో, ఒక్క బర్మా యుద్ధాలనో ఎంచుకొని వాటి లోతు చూడండి. ఒక మనిషికి వచ్చిన పతకాలు గుత్తిగా దొరికితే విడదీసి కొనవద్దు, విడదీసి అమ్మేవాడిని ప్రోత్సహించవద్దు. ఒకసారి చెదిరితే మళ్లీ కలవవు.

చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట వైపు మా పొలం. దున్నుతుంటే గుండ్రటి బిళ్ల దొరికింది. రూపాయి కంటే చాలా పెద్దది, బూడిద రంగు, మెత్తని లోహం. సింహం పులిని కింద పడేసి తొక్కుతున్న బొమ్మ, పైన జెండా మీద అరబ్బీ రాత. హైదర్ అలీ ఇక్కడే చనిపోయాడు కదా, ఆయనదేనా? – ఒక రైతు

మీ ఉత్తరం చదివి రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. హైదర్ అలీ మీ ఊరి దగ్గరి విడిదిలో 1782 డిసెంబరు 7న మరణించిన మాట నిజం. అయితే మీరు వర్ణించినది ఆయనది కాదు, ఆయన కుమారుడు టిపు ఓటమికి గుర్తుగా వేసినది. శ్రీరంగపట్నం పతకం అంటారు. పులి టిపు చిహ్నం, సింహం ఇంగ్లండు చిహ్నం. జెండా మీది రాతకు అర్థం దేవుని సింహమే జయించేది అని. రోమన్ అంకెల్లో ఒక తేదీ ఉంటుంది. అది 1799 మే 4, కోట కూలి టిపు చనిపోయిన రోజు. వెనకవైపు కోట ముట్టడి దృశ్యం, ఫార్సీ భాషలో రాత ఉండాలి. గీసినవాడు కూక్లర్, అచ్చు వేసింది పైన చెప్పిన బౌల్టన్ టంకశాల. అక్కడ వేసినవి 48 మిల్లీమీటర్లు, తర్వాత కలకత్తాలో వేసినవి కాస్త చిన్నవి, 45.

దీన్ని హోదా బట్టి అయిదు రకాల్లో ఇచ్చారు. సేనాపతులకు బంగారం, ఆ కింది పెద్ద అధికారులకు బంగారు పూత వెండి, చిన్న అధికారులకు వెండి, హవల్దారు స్థాయి వాళ్లకు కంచు, మామూలు సిపాయికి తగరం. మీకు దొరికినది మెత్తటి బూడిద రంగు లోహం అంటున్నారు. తగరమే అయితే అది మన సిపాయిదో, తెల్ల సోల్జరుదో అయి ఉంటుంది. టిపు మీదికి వెళ్లిన ఇంగ్లీషు సేనాపతి జనరల్ హారిస్ సైన్యం 1799 ఫిబ్రవరిలో బయలుదేరింది వెల్లూరు నుంచి. మీ పొలానికి అది ఎంత దూరమని! మద్రాసు సైన్యంలో చేరినవాళ్లు ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఎందరో ఉండేవారు.

ఈ పతకానికి పేరు కొట్టే పద్ధతి లేదు. తగిలించుకోవడానికి కొక్కెం కూడా టంకశాల ఇవ్వలేదు, ఎవరికి వారు ఊరి కంసాలి చేత రంధ్రం వేయించుకున్నారు, కొక్కీ అతికించుకున్నారు. మీ దానికి అలాంటిది ఉంటే తీయించవద్దు, ఆ అతుకు కూడా చరిత్రే. మట్టి గోకవద్దు. తగరం మెత్తన, గోరు గీసినా గీత పడుతుంది. తర్వాతి కాలంలో వేసిన నకళ్లు కూడా ఉన్నాయి కనుక చేత్తో చూడకుండా తీర్పు చెప్పను.

ఇంతకంటే ముఖ్యమైనది: ఎవరికీ అమ్మవద్దు. నేల కింద దొరికిన వస్తువు పది రూపాయల కంటే ఎక్కువ విలువ చేస్తే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏమిటి, ఎక్కడ, ఏ రోజు దొరికిందో రాసి ఇవ్వండి, ఫొటో జతచేయండి, రసీదు తీసుకోండి. తెలిపినందుకు మీకు నష్టం లేదు. సొంతదారు ఎవరూ లేరని తేలితే దొరికించుకున్నవాడికి, భూమి యజమానికి హక్కులు చట్టంలోనే ఉన్నాయి. దాచిపెడితే ఆ హక్కు పోతుంది, పైగా శిక్ష.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. నౌకాదళ పతకాలకూ మనకూ సంబంధం ఏమిటి? మద్రాసు మీద జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ బాంబులు వేసినప్పుడు ఎవరికైనా పతకం ఇచ్చారా? – ఒక పాఠకుడు, పుత్తూరు

మద్రాసు సిపాయి ఓడ ఎక్కి దేశాలు దాటిన కథ చాలా పాతది. ఇంగ్లండు చైనాతో చేసిన మొదటి నల్లమందు యుద్ధానికి ఇచ్చిన 1842 చైనా పతకం మద్రాసు పదాతి దళాలకూ, ఇంగ్లండు నౌకాదళానికీ ఒకటే. 1841 మేలో కాంటన్ దగ్గర కుండపోత వానలో 37వ మద్రాసు దళంలోని ఒక కంపెనీ దారి తప్పింది. చెకుముకి తుపాకులు తడిసి పేలలేదు. వేల మంది గ్రామస్తులు చుట్టుముట్టారు. వానలోనూ పేలే టోపీ మందు తుపాకులున్న నౌకాదళ మెరైన్లు రాత్రివేళ వెతుక్కుంటూ వెళ్లి వాళ్లను వెనక్కు తెచ్చారు. రక్షించినవాడి పతకం మీదా, రక్షణ పొందినవాడి పతకం మీదా బొమ్మ ఒకటే. ఎవరు ఎవరో అంచు చెప్పాలి.

ఎమ్డెన్ 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను తగలబెట్టింది. ఆ ఒక్క రాత్రికి విడిగా యుద్ధ పతకం లేదు. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ దాన్ని దెబ్బతీసింది. ఎమ్డెన్‌లో దొరికిన మెక్సికో వెండి నాణేలకు పైన కిరీటం అతికించి, తేదీ చెక్కించి, వెయ్యి దాకా జ్ఞాపికలుగా తయారుచేశారు. అది నాణెమూ, పతకమూ రెండూ. చెన్నైలో ఎవరైనా చూపితే కిరీటం అతుకు జాగ్రత్తగా చూడండి. పాత మెక్సికో నాణెం దొరకడం కష్టం కాదు.

నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశారు. ఆరు కొనల నక్షత్రాలు రెండు, తెల్ల లోహపు గుండ్రటి పతకాలు రెండు ఉన్నాయి. ఏవి ఏమిటో తెలియదు. – ఒక విశ్రాంత బస్సు కండక్టరు, కుప్పం

నక్షత్రాల మధ్యలో ఇంగ్లీషులో పేరే ఉంటుంది. 1939–45 అని ఒకటి, బర్మా అనో ఆఫ్రికా అనో ఇటలీ అనో రెండోది. బర్మా స్టార్ ఉంటే ఆయన జపాను వాళ్ల మీద పోరాటానికి వెళ్లినట్టు. గుండ్రటివాటిలో సింహం రెండు తలల డ్రాగన్ మీద నిలబడినది వార్ మెడల్, భారతదేశ పటం ఉన్నది ఇండియా సర్వీస్ మెడల్. అవి వెండివి కావు, రాగి నికెలు మిశ్రమం. బ్రిటిష్ సైనికులకు ఈ యుద్ధ పతకాలు పేరు లేకుండా ఇచ్చారు. భారతీయులకు ఇచ్చిన వాటిలో చాలా వాటి మీద పేరు, సంఖ్య కొట్టారు. నక్షత్రాలకైతే వెనక వైపు, గుండ్రటివాటికి అంచు మీద చూడండి. నంబరు దొరికితే ఆయన డిశ్చార్జి పుస్తకంతో సరిచూసి, రెండూ పట్టుకొని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. ఏ దళం కేంద్రానికి రాయాలో వాళ్లు చెబుతారు.

తాతగారి మొదటి యుద్ధం నాటి పతకాలను మా అబ్బాయి అమెరికా తీసుకువెళ్తానంటున్నాడు. పంపవచ్చా? – ఒక తల్లి, తిరుపతి

పంపకూడదమ్మా. వందేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి లేదు, అది సొంత తాతగారిదైనా సరే. ఆ యుద్ధపు పతకాలు ఇప్పటికే వందేళ్ల గీత దాటాయి. రెండో యుద్ధం నాటివైతే ఇంకా దాటలేదు, అయినా విమానాశ్రయంలో చిక్కు లేకుండా పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. అబ్బాయికి మంచి ఫొటోలు తీయించి ఇవ్వండి. అంచు ఫొటో తప్పకుండా.

ముత్తాత పతకం రిబ్బన్ చీకిపోయింది. కొత్తది వేయవచ్చా? ఆగస్టు 15న బడిలో మా అబ్బాయి దాన్ని పెట్టుకోవాలని సరదా పడుతున్నాడు. – ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

వేయవచ్చు. పాత రిబ్బన్ పారేయకుండా కాగితపు కవరులో పెట్టి, పతకంతోనే ఉంచండి. కొత్తది కొనేటప్పుడు రంగుల వరస తప్పకూడదు. బ్రిటిష్ వార్ మెడల్‌కు మధ్యలో వెడల్పాటి నారింజ రంగు, దానికి అటూ ఇటూ తెలుపు, నలుపు, చివర నీలం. అదే యుద్ధానికి ఇచ్చిన మరో పతకం విక్టరీ మెడల్‌కు ఇంద్రధనుస్సు రంగులు రెండుసార్లు. వార్ మెడల్ రిబ్బన్ వెడల్పు 32 మిల్లీమీటర్లు, విక్టరీ మెడల్‌ది అంతకంటే ఎక్కువ. ఇంట్లో చీర అంచు కత్తిరించి కుట్టవద్దు.

అబ్బాయి తప్పకుండా పెట్టుకోవచ్చు. అయితే కుడివైపు పెట్టుకోవాలి. ఎడమవైపు పెట్టుకునే హక్కు సంపాదించినవాడిది, వారసులు కుడివైపు ధరించడం ఆచారం. పిన్నీసు రిబ్బన్‌కు గుచ్చండి, పతకం కొక్కేనికి కాదు. ఎవరిదని బడిలో అడిగితే చెప్పడానికి అంచు మీద ఉన్నది ముందురోజే వాడి చేత చదివించండి.